పెన్యస్కీటోస్ లోయలో సైకిల్ గస్తీ: రెండేళ్ళు తిరిగాక చెబుతున్నాను

అమెరికాలో మేముండే శాన్ డియేగోలో, మీరా మేసా అనే పేటలో కూరగాయలు కొంటుంటే మొన్న ఒకావిడ నన్ను గుర్తుపట్టి ఆగింది. “లోయలో సైకిల్ మీద తిరిగేది మీరే కదూ? మా ఆయన కూడా వాలంటీరుగా చేరతానంటున్నారు. బాగుంటుందా అండీ?” అని అడిగింది. గోంగూర కట్టలు చేతిలో పట్టుకునే పావుగంట చెప్పాను. ఇంకా సగం మిగిలిపోయింది. ఆ మిగిలిన సగం కోసం, ఆఫీసులో ఇదే మాట అడిగే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను చేస్తున్నది లాస్ పెన్యస్కీటోస్ కాన్యన్ ప్రిజర్వ్ అనే రక్షిత లోయలో సైకిల్ గస్తీ. జీతం లేని పని. నెలకు మూడు పూటలు, ఒక్కో పూట మూడు గంటలు, ఎక్కువగా శనివారం పొద్దున. చేరి రెండేళ్ళు దాటింది. బాగుంటుందా అంటే, చాలా బాగుంటుంది. కానీ సైకిల్ తొక్కడం ఇష్టమని మాత్రమే చేరితే రెండు నెలల్లో మానేస్తారు. మూడు గంటల్లో నేను సైకిల్ మీద ఉండేది గంటన్నర కూడా ఉండదు. మిగతాదంతా ఆగడం, దిగడం, మాట్లాడడం, చూడడం.

చోటు తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. శాన్ డియేగో నగరం ఉత్తర భాగంలో, ఇంటర్‌స్టేట్ 15 దగ్గర మొదలై, పడమట 5, 805 హైవేలు కలిసే చోటు దాకా సాగిన లోయ ఇది. దాదాపు 4,000 ఎకరాలు. నగరానికీ కౌంటీకీ (మన జిల్లా లాంటిది) ఉమ్మడి ఆస్తి. దక్షిణం గట్టు మీద మీరా మేసా, ఉత్తరం గట్టు మీద రాంచో పెన్యస్కీటోస్, పడమటి కొసన మన వాళ్ళు ఎంతోమంది పనిచేసే సారెంటో వ్యాలీ ఆఫీసులు. చుట్టూ ఇళ్ళు, కింద అడవి. అడుగున వాగు పారుతుంది. ఆ వాగు నీళ్ళే చివరికి టారీ పైన్స్ పక్కనున్న ఉప్పునీటి మడుగులోకి, అక్కణ్ణుంచి పసిఫిక్ సముద్రంలోకి చేరతాయి. పెన్యస్కీటోస్ అంటే స్పానిష్‌లో చిన్న రాతిగుట్టలు. లోయ నడిమధ్యన అగ్నిపర్వత శిలల మీద నుంచి వాగు దూకే చోటు చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. జలపాతం అని బోర్డు చూసి తలకోన లాంటిది ఊహించుకుని వెళ్ళకండి. మనిషెత్తు బండల మధ్య నీళ్ళు మెట్లు దిగినట్టు దిగుతాయి, అంతే. వానాకాలం తర్వాత, అంటే ఇక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో, చూడముచ్చటగా ఉంటుంది.

తూర్పు వైపు ఒక పాత మట్టి ఇటుకల ఇల్లు ఉంది. 1823లో ఫ్రాన్సిస్కో మరియా రూయిజ్ అనే సైనికాధికారికి మెక్సికో ప్రభుత్వం ఈ భూమి రాసిచ్చింది. ఇప్పటి శాన్ డియేగో కౌంటీలో అలా రాసిచ్చిన మొదటి భూమి ఇదే. అంతకు వేల ఏళ్ళ ముందు నుంచీ ఇక్కడ ఉన్నవాళ్ళు కుమియాయ్ ప్రజలు. వాగు ఒడ్డున ఉన్న ఓక్ చెట్ల గింజలను దంచి, నీళ్ళతో పదే పదే కడిగి చేదు పోగొట్టి, అంబలి కాచుకునేవాళ్ళు. ఇప్పటికీ ఆ చెట్ల కింద సైకిల్ ఆపితే గింజలు టపటపా హెల్మెట్ మీద పడుతుంటాయి.

చేరడానికి ఎంత సమయం పడుతుందని అందరూ అడుగుతారు. నా విషయంలో రెండు నెలలు. దరఖాస్తు, పోలీసు రికార్డుల పరిశీలన, ప్రథమ చికిత్స, సీపీఆర్ క్లాసు. వేలిముద్రల దగ్గర మూడు వారాలు వృథా అయ్యాయి. నేను వెళ్ళిన చోట ముద్రలు సరిగా పడలేదు, మళ్ళీ రమ్మన్నారు. కీబోర్డు మీద పనిచేసి, ఇంట్లో గిన్నెలు తోమే చేతులైతే వెళ్ళే ముందు రెండు రోజులు కొబ్బరి నూనె రాసుకోండి. రెండోసారి నేను అదే చేశాను, ముద్రలు పడ్డాయి.

తర్వాత ఒక పెద్దాయన వెనక మూడు పూటలు తిరిగాను. డెబ్బై దాటిన మనిషి, ఈ లోయలో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నాడు. మొదటి రోజు ఆయన నాకు బ్రేకులు, గేర్లు ఏమీ చెప్పలేదు. “ఎవరితో మాట్లాడినా ముందు నల్ల కళ్ళద్దాలు తియ్యి” అన్నాడు. అంతే. ఆ రోజంతా గమనించాను. ఆయన ఆగేవాడు, సైకిల్ దిగేవాడు, కళ్ళద్దాలు తీసేవాడు, అప్పుడు “గుడ్ మార్నింగ్” అనేవాడు. కుక్కను తాడు లేకుండా వదిలేసిన మనిషి కూడా ఆయన నోరు తెరిచే లోపే తాడు కోసం జేబులు వెతుక్కునేవాడు. సైకిల్ మీద కూర్చునే, ఒక కాలు నేల మీద పెట్టి చెబితే ఎదుటివాళ్ళకు అధికారంలా అనిపిస్తుంది. దిగి నిలబడితే పక్కింటివాళ్ళు మాట్లాడినట్టుంటుంది. రెండు పద్ధతులూ నేను చేసి చూశాను. తేడా నిజంగా ఉంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మాకు జరిమానా వేసే అధికారం లేదు. ఎవరినీ ఆపి ఉంచలేం. చెప్పగలం, వినకపోతే రాసుకోగలం, ప్రమాదం ఉంటే లోయను చూసుకునే ఉద్యోగులైన రేంజర్లకు గానీ, ఇక్కడి అత్యవసర నంబరు 911కి గానీ ఫోన్ చేయగలం. మా చేతిలో ఉన్న ఆయుధం మర్యాద ఒక్కటే. కొత్తగా చేరే మగవాళ్ళకు, ముఖ్యంగా ఆఫీసులో పది మందిని నడిపించే మేనేజర్లకు, ఇది అలవాటు కావడానికి కొంత సమయం పడుతుందని నా అభిప్రాయం.

ఒక మామూలు పూట ఎలా ఉంటుందో నా నోటుపుస్తకం నుంచి చెబుతాను. ఏప్రిల్‌లో ఒక శనివారం. ఉదయం 7 గంటలకు బ్లాక్ మౌంటెన్ రోడ్డు వైపు నుంచి దిగాను. మాట్లాడినవాళ్ళు 41 మంది. జలపాతానికి దారి అడిగినవాళ్ళు 17 మంది. తాడు లేని కుక్కలు 6. చెయిన్ తెగిన సైకిల్ ఒకటి, మడమ మీద బొబ్బ ఒకటి, తేనెటీగ కుట్టిన పిల్లవాడు ఒకడు. రాటిల్ స్నేక్ ఒకటి. గుర్రాలు నాలుగు.

గుర్రాల సంగతి కాస్త చెప్పాలి. మన దగ్గర నుంచి వచ్చిన వాళ్ళకు ఇది పూర్తిగా కొత్త. దారి మీద ఎవరు ఎవరికి తప్పుకోవాలో చెప్పే మూడు మూలల పసుపు బోర్డు ఉంటుంది. సైకిల్ అందరికీ తప్పుకోవాలి. నడిచేవాళ్ళు గుర్రానికి తప్పుకోవాలి. తప్పుకోవడం అంటే పక్కకు జరిగి బొమ్మలా నిలబడడం అనుకునేదాన్ని. కానీ పొదలో కదలకుండా నిలబడి, హెల్మెట్ పెట్టుకున్న ఆకారం గుర్రం కంటికి పొంచి ఉన్న మృగంలా కనిపిస్తుందట. అందుకే సైకిల్ దిగి, పల్లం వైపు నిలబడి, రౌతుతో మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండాలి. మాట వినిపిస్తే ఇది మనిషేనని గుర్రానికి తెలుస్తుంది. ఒకసారి బెదిరిన గుర్రాన్ని దగ్గర నుంచి చూశాను. చెవులు వెనక్కి పోయాయి, తెల్లగుడ్డు కనిపించేలా కళ్ళు తిప్పింది, నాలుగు కాళ్ళూ ఒకేసారి పక్కకు దూకాయి. పైన కూర్చున్నది పద్నాలుగేళ్ళ పిల్ల. పడలేదు, నిలదొక్కుకుంది. వెనక నుంచి బెల్లు కొట్టకుండా దూసుకొచ్చిన సైకిలిస్టుకు ఏమైందో కూడా తెలియదు, వెళ్ళిపోయాడు. ఆ పిల్ల చేతులు ఆగకుండా వణుకుతుంటే గుర్రం మెడ మీద చెయ్యి వేసి పావుగంట నిలబడ్డాం. అప్పటి నుంచి నా సంచిలో రెండు మూడు చవక బెల్లులు పెట్టుకుని తిరుగుతున్నాను. బెల్లు లేదన్నవాళ్ళకు అక్కడికక్కడే బిగించి ఇస్తాను. ఒక్కరూ వద్దనలేదు.

ఇక పాము. ఎండ పెరిగే నెలల్లో పొద్దున పూట దారి మీద అడ్డంగా పడుకుని ఉంటుంది. మా నాయన చిన్నప్పుడు రక్తపింజరిని గుర్తుపట్టడం నేర్పారు, ఇది కూడా పింజరి జాతిదే. తోక ఊపితే ఎండిన గిలిగిచ్చ కాయలు ఆడించినట్టు చప్పుడు. ఆ చప్పుడు వినిపిస్తే అది దాని మంచితనం, ముందే చెబుతోంది. కానీ ప్రతిసారీ చెప్పదు. మేం చేసేది ఏమంటే, ఇటు పది అడుగులు, అటు పది అడుగులు జనాన్ని ఆపి, అది దాటిపోయే దాకా నిలబడడం. ఇరవై నిమిషాలు కూడా పట్టొచ్చు. కర్రతో తోయకండి, రాయి వేయకండి. కాటు పడితే కొయ్యడం, తాడు బిగించి కట్టడం, ఐసు పెట్టడం ఏదీ చేయకుండా, కదలకుండా కూర్చోబెట్టి 911కి ఫోన్ చేయాలి. గోఫర్ స్నేక్ అని ఇంకొకటి ఉంది. విషం లేదు, ఎలుకల్ని తిని బతుకుతుంది. భయపడినప్పుడు ఎండుటాకుల్లో తోక ఆడించి రాటిల్ స్నేక్‌లా నటిస్తుంది. ఆ నటన వల్లనే మనుషుల చేతిలో చస్తుంది. మన ఊళ్ళలో జెర్రిపోతుకు పట్టే గతే దీనికీ పడుతుంది.

మా నాయన ఆత్మకూరు అటవీ డివిజన్‌లో ఫారెస్ట్ గార్డుగా చేసి రిటైరయ్యారు. బైర్లూటి వైపు ఆయన బీటు. సైకిల్ మీద పోగలిగినంత దూరం పోయి, అక్కడ ఏదో గూడెంలో సైకిల్ పెట్టి, చెంచు వాచర్లతో కలిసి నడిచి పోయేవారు. ఎండాకాలం ముందు ఫైర్ లైన్లు గీసే పని ఉన్నప్పుడు నాలుగేసి రోజులు ఇంటికి వచ్చేవారు కాదు. నేను చేరానని చెప్పినప్పుడు నాయన సంతోషపడతారని తెలుసు. ఆయన సంతోషం ప్రశ్నల రూపంలో వచ్చింది.

“నీళ్ళు ఎన్ని ఎత్తుకపోతావు పాపా?”

“రెండు లీటర్లు నాయనా.”

“తాగేదానికి ఎంత, ఇచ్చేదానికి ఎంత?”

నా దగ్గర జవాబు లేదు. ఇచ్చేదానికి అనే లెక్క మా శిక్షణలో నేను వినలేదు, నాకు తట్టనూ లేదు. సరేలే అని ఆ మాట వదిలేశాను.

సెప్టెంబరులో దాని అర్థం తెలిసింది. ఇక్కడ వేసవి జూన్, జూలై కాదు. అప్పుడు సముద్రం మీది మబ్బు పొద్దున్నే లోయలోకి వస్తుంది. అసలు ఎండ ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా. తూర్పు ఎడారి నుంచి శాంటా ఆనా గాలులు వీచే రోజుల్లో పెదవులు గంటలో పగులుతాయి. 2003, 2007 అక్టోబరు నెలల్లో ఈ కౌంటీని కాల్చిన పెద్ద మంటలు రెండూ ఆ గాలుల్లోనే చెలరేగాయి. అలాంటి ఒక ఆదివారం, పదకొండు దాటాక, జలపాతానికి అర మైలు ఇవతల ఒక ఓక్ చెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, ప్యాంటు, కాళ్ళకు తోలు చెప్పులు. చేతిలో ఖాళీ అయిన అర లీటరు సీసా. ముఖం ఎర్రబడి ఉంది. ఇంగ్లీషులో పలకరించాను. ఆయన నా చొక్కా మీద పేరు చూసి, నన్ను చూసి, తెలుగులో అడిగాడు.

“ఏ ఊరమ్మా మనది?”

“ఆత్మకూరండీ, నంద్యాల దగ్గర. మీరు లేవకండి బాబాయ్ గారూ, ముందు నీళ్ళు తాగండి.”

“మాది తెనాలమ్మా. అబ్బాయి ఇల్లు ఆ పైనే. కిటికీలోంచి ఈ లోయ రోజూ కనపడుతుంటే, ఇంతేగా, ఒక గంటలో తిరిగొద్దామని దిగాను.”

పైనుంచి చూస్తే నిజంగానే ఇంతేగా అనిపిస్తుంది. ఇళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. కానీ దిగిన దారి కాకుండా వేరే దారి పట్టుకుంటే ఆ ఇళ్ళకు ఎక్కే బాట ఉండదు, తుప్పలు అడ్డం వస్తాయి. ఆయన ఫోన్ ఇంట్లో ఛార్జింగులో ఉంది. కొడుకు నంబరు గుర్తు లేదు, వీధి పేరు సగమే గుర్తుంది. నా రెండు లీటర్లలో అప్పటికి మిగిలింది లీటరు కంటే తక్కువ. తువ్వాలు తడిపి మెడ మీద వేశాను, మిగిలింది గుక్క గుక్కగా తాగించాను. తల తిరగడం తగ్గిందా, వాంతి వచ్చేలా ఉందా, ఈ రోజు ఏ వారం అని మధ్య మధ్యలో అడుగుతూ ఉన్నాను. అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాడు. అయినా ఫోన్ చేశాను. నా ఫోన్‌కి అక్కడ సిగ్నల్ సరిగా అందదు, రెండు వందల అడుగులు పైకి ఎక్కి చేయాల్సి వచ్చింది. ఆయన్ని ఒంటరిగా వదిలి ఎక్కిన ఆ నాలుగు నిమిషాలు చాలా టెన్షన్ పడ్డాను. రేంజరు బండి వచ్చే లోపు నా నీళ్ళు అయిపోయాయి. అటుగా వెళ్తున్న ఒక జంట తమ సీసా ఇచ్చి వెళ్ళారు. ఆయన క్షేమంగా ఇంటికి చేరాడు. సాయంత్రం కొడుకు, కోడలు ఫోన్ చేసి మాట్లాడారు, ఇద్దరూ చాలా భయపడ్డారు.

ఆ రాత్రి నాయనకు చెప్పాను. “ఇప్పుడు నాలుగు లీటర్లు ఎత్తుకపోతాలే” అన్నాను. ఆయన “ఉప్పూ చక్కెరా కూడా పెట్టుకో పాపా” అన్నారు. ఇప్పుడు ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు, రెండు లీటర్లు నాకు, రెండు లీటర్లు ఇచ్చేదానికి. బరువే. వెనక క్యారియర్ బిగించుకున్నాను.

అమ్మానాన్నలను ఇండియా నుంచి తెచ్చుకున్నవాళ్ళందరికీ ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళను తప్పకుండా ఈ లోయకు తీసుకురండి. నాలుగ్గోడల మధ్య టీవీ ముందు కూర్చోబెట్టే కంటే ఎంతో మంచిది. కానీ మొదటి రెండుసార్లు మీరు వెంట ఉండండి. ఇంటి చిరునామా, మీ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. చెప్పులు వద్దు. ఎండ నెలల్లో తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండేలా చూడండి. పెద్దవాళ్ళు నీళ్ళు అడగడానికి మొహమాటపడతారు, అందుకని వాళ్ళ చేతికే పెద్ద సీసా ఇవ్వండి.

సైకిల్, సామాను విషయానికి వస్తే, ఖరీదైనది అక్కర్లేదు. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మామూలు మౌంటెన్ బైక్ సరిపోతుంది. ప్రధాన దారి వెడల్పాటి మట్టిరోడ్డు, ఉత్తరం పక్కన సన్నని బాటలు, అక్కడక్కడా రాళ్ళు, వాగు దాటే చోట్లు. నేను మొదట ఒక దుకాణంలో వాళ్ళు చెప్పిన సైజు కొని ఆరు నెలలు నడుము నొప్పితో బాధపడ్డాను. నా ఎత్తు అయిదడుగుల రెండు అంగుళాలు, వాళ్ళు ఇచ్చింది ఒక సైజు పెద్దది. ఎక్కి, పక్క వీధిలో పది నిమిషాలు తొక్కి, రాళ్ళ మీద ఒకసారి దిగి చూసుకుని కొనండి.

టైర్ల దగ్గర మాత్రం రాజీపడకండి. ఎందుకంటే ఇక్కడ పల్లేరు కాయలున్నాయి. అవును, మన చేలగట్ల మీద పాదాల్లో గుచ్చుకునే పల్లేరే. అదే మొక్క కలిసొచ్చిన చోటల్లా పెరిగి ఈ దేశమంతా పాకింది. ఇక్కడివాళ్ళు గోట్‌హెడ్ అంటారు, మేకతల. కాయను తిప్పి చూస్తే రెండు కొమ్ముల మేక ముఖం కనిపిస్తుంది నిజంగానే. మొదటి నెలలో నాకు అయిదు పంచర్లు. నాయన సాయంత్రం ఇంటికొచ్చాక సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, చక్రం మెల్లగా తిప్పుతూ పిన్నీసుతో ముళ్ళు తీయడం చూసి పెరిగిన దాన్ని. నేనూ అదే చేశాను. తర్వాత టైర్లను ట్యూబ్‌లెస్ చేయించి, లోపల రంధ్రాలు పూడ్చే సీలెంట్ ద్రవం పోయించాను. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా గాలి పోలేదు. పెట్టిన డబ్బుకు ఇంత విలువ ఇచ్చినది నా సామానులో ఇంకొకటి లేదు. ట్యూబులు మాత్రం రెండు సంచిలో ఉంటాయి, అవీ ఇచ్చేదానికే.

పాయిజన్ ఓక్ అనే దురద మొక్క గురించి కూడా చెప్పాలి. మూడేసి ఆకులు, వసంతంలో నిగనిగలాడే పచ్చ, ఎండాకాలం చివర ఎరుపు. చలికాలంలో ఆకు రాలి ఉత్త పుల్లలే ఉంటాయి, అప్పుడు ఇంకా ప్రమాదం, ఎందుకంటే గుర్తుపట్టలేం. తగిలితే రెండు రోజుల తర్వాత దద్దుర్లు, నీటి బొబ్బలు. చాకలి బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి పాలు చేతికి అంటితే ఎలా పొక్కుతుందో తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. నల్లజీడి, ఇది, మన మామిడి కూడా ఒకే కుటుంబం చెట్లు. దాని జిడ్డు సైకిల్ హ్యాండిల్ మీద, షూ లేసుల మీద కూడా అంటి ఉంటుంది. ఇంటికి రాగానే చేతులు, కాళ్ళు సబ్బుతో రుద్ది కడుక్కోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. పిల్లలను ఎత్తుకోవడం ఆ తర్వాతే.

ఇబ్బందులు కూడా దాచకుండా చెబుతాను. అందరూ మర్యాదగా మాట్లాడరు. “నువ్వెవరు నాకు చెప్పడానికి” అని నాలుగైదుసార్లు అనిపించుకున్నాను, ఒకసారి నా యాస మీద కూడా మాట పడింది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను. మరుసటి వారం వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. బాట మీద మొదట ఎదురైన ముసలావిడ, “పోయిన వారం నువ్వు చూపించిన పిట్ట గూడు దగ్గర ఇవాళ పిల్లల అరుపు వినిపించింది” అని చెప్పింది. ఆ రెండు వారాలూ నాకు సమానంగా గుర్తున్నాయి.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. కొంతమంది సైకిలిస్టులు రాత్రిళ్ళు వచ్చి గట్టు వాలు మీద కొత్త బాటలు తవ్వుతారు. చిన్న చిన్న దూకుడు దిబ్బలు కట్టుకుంటారు. వాళ్ళకు అది ఒక సరదా. కానీ ఆ వాలు మీదున్న బూడిద రంగు సేజ్ తుప్పల్లోనే కాలిఫోర్నియా నాట్‌క్యాచర్ అనే పిట్ట ఉంటుంది. మన పిచ్చుక కంటే చిన్నది, పిల్లికూన మ్యావ్ అన్నట్టు కూస్తుంది. ఇళ్ళ కోసం తుప్పలన్నీ కొట్టేస్తూ పోతే ఉండే చోటు తగ్గిపోయి, 1993లో దాన్ని ముప్పులో ఉన్న జాతిగా కేంద్ర ప్రభుత్వం జాబితాలో చేర్చింది. ఒక బాట తవ్వితే పోయేది రెండడుగుల వెడల్పే కదా అనుకుంటారు. ఆ రెండడుగుల్లో వాన నీళ్ళు కాలువ కడతాయి, పక్కన మట్టి జారుతుంది, ఖాళీ అయిన నేల మీద బయటి గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డి ఎండి మంటకు దారి ఇస్తుంది. కొత్త బాట కనిపించినప్పుడు మేం ఫోటో తీసి చోటు రాసి ఇస్తాం. తర్వాత వాలంటీర్లందరం కలిసి ఎండు కొమ్మలు అడ్డం వేసి మూస్తాం. మూసిన బాట మీద నాలుగు తుప్పలు తిరిగి లేవడం చూడడానికి రెండు వానాకాలాలు పట్టింది నాకు. ఆ చోటు దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను.

వాన పడ్డాక దారులు మూసేస్తారు, రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దీని మీద జనం చాలా చిరాకు పడతారు. ఎండ కాస్తోంది కదా ఎందుకు మూశారు అంటారు. ఇక్కడి నేల బంకమట్టి. తడిసినప్పుడు ఒక సైకిల్ వెళ్తే చక్రం గాడి పడుతుంది, ఒక గుర్రం వెళ్తే గుంటలు పడతాయి, అవి అలాగే ఎండి సిమెంటులా గట్టిపడతాయి. తర్వాత ఆర్నెల్లు ఆ గాళ్ళలో నడిచేవాళ్ళ మడమలు మెలికపడతాయి. మూసిన గేటు దగ్గర నిలబడి ఈ మాట చెప్పడం కూడా గస్తీలో భాగమే. రేగడి నేల మీద వాన తర్వాత ఎడ్లబండి తోలితే ఏమవుతుందో తెలిసిన మన పెద్దవాళ్ళకు ఒక్క మాటతో అర్థమవుతుంది. వాళ్ళే పక్కనున్న మనవళ్ళకు చెప్పి వెనక్కి తీసుకెళ్తారు.

ఎవరికి సరిపోతుందంటే, నా అనుభవంలో, ఒకే చోటికి వందసార్లు వెళ్ళినా విసుగురాని వాళ్ళకు. వేగం కావాలనుకునేవాళ్ళకు వద్దు, కొండల్లో వాళ్ళకు వేరే చోట్లున్నాయి. ఇంగ్లీషు బాగా రావాలేమో అని భయపడే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. నాకు వచ్చినంత వస్తే చాలు. దారి చూపించడానికి, నీళ్ళు ఇవ్వడానికి, “కుక్కకు తాడు కట్టండి, ముందు పాము ఉంది” అని చెప్పడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. సైకిల్ తొక్కలేనివాళ్ళు నడిచే వాలంటీర్లుగా చేరే వీలుందేమో అడిగి చూడండి. చిన్నపిల్లలున్న వాళ్ళు మాత్రం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. శనివారం పొద్దున అంటే ఈత క్లాసు, తెలుగు బడి, నాట్యం అన్నీ ఆ సమయానికే ఉంటాయి. మా ఇంట్లో ఆ పూట దోసెలు, పిల్లల ప్రయాణాలు మా ఆయన పని. ఆయన ఒప్పుకోకపోతే నేను ఇన్ని పూటలు తిరిగేదాన్ని కాదు.

మా పెద్దది, పన్నెండేళ్ళది, ఈ ఏడాది నుంచి నా వెంట నడిచే పూటలకు వస్తోంది. పల్లేరు కాయ చూపించి పేరు చెప్పాను. అది వెంటనే ఫోటో తీసి తాతకు పంపింది. నాయన నుంచి రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది: “పూత మీద ఉండంగానే వేళ్ళతో పీకాల బుజ్జీ, కాయ పడినంక పీకి లాభం లే.” కాయలు రాలక ముందే, పసుపు పువ్వు దశలోనే తీసేయాలని ఇక్కడి రేంజర్లు కూడా చెబుతారు.

ఈ వారం మంగళవారం నుంచి వాన. గేట్లు మూసి ఉన్నాయి. నిన్న రాత్రి చెయిన్ కడిగి నూనె వేశాను, ఓఆర్ఎస్ పొట్లాల తేదీలు చూసుకున్నాను, రెండు మార్చాను. తూర్పు వైపు వాగు దాటే చోట పోయిన నెల ఒక పెద్ద సికమోర్ కొమ్మ విరిగి అడ్డం పడింది, దాని మీద కొంగ ఒకటి రోజూ వచ్చి నిలబడుతోంది. నీళ్ళు తగ్గాక ఆ కొమ్మ అక్కడే ఉందో కొట్టుకుపోయిందో చూడాలి.